ఉనైజా మిద్దెకు చౌడు

మస్తానన్న పోయాడన్న కబురు సౌదీలోని ఉనైజా పట్నంలో ఉండగా తెలిసింది నాకు. నా కూతురు సునీత ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. విజిట్ వీసా మీద దాని దగ్గరికి వచ్చి రెండు నెలలవుతోంది. ఆ ఉదయం వంటింట్లో కింద కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. రాయచోటి నుంచి మస్తానన్న పెద్దకూతురు ఫోన్ చేసి, "అబ్బ పోయినాడత్తా, తెల్లారేటప్పుడు. బాధ గీధ ఏం పడలేదు, నిద్దట్లోనే" అంది. తర్వాత తనే, "నిన్న సాయంత్రం గూడా మీ మాటే. రెడ్డెమ్మ ఆడనే ఉండాది కదా, ఆ మిద్దె ఉందో పోయిందో చూసి చెప్పమను అన్నాడు" అంది. నేను సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక బెండకాయలు అలాగే వదిలేసి చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు కంటే ముందు నాకు ఆ మిద్దె గుర్తొచ్చింది, దాని కింద కారిన వాన గుర్తొచ్చింది, ఇరవై మూడేళ్ళ నేను గుర్తొచ్చాను.

నేను ఈ ఊరికి మొదట వచ్చింది ఇంటిపనికి. మాది గాలివీడు పక్క పల్లె. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది, మొగుడు జ్వరంతో పోయాడు, నాలుగేళ్ళ సునీతను మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. విమానం దిగి, ఎవరు ఎటు తీసుకుపోతున్నారో తెలియక ఒక పెద్ద జీఎంసీ బండిలో వెనక కూర్చుంటే, ముందున్న డ్రైవరు అద్దంలో చూసి, "ఏ ఊరు మ్మా మీది?" అన్నాడు. తెలుగు, అందులోనూ మా యాస. అంతదాకా బిగబట్టుకున్న ఏడుపంతా ఆ ఒక్క మాటకు బయటికి వచ్చేసింది. అతను కంగారుపడి, "ఏడవాకమ్మా, ఏడవాక. మాది రాయచోటే. నా పేరు మస్తాన్. అన్నా అను చాలు" అన్నాడు. ఆ రోజు నుంచి అన్నే అయ్యాడు. అతని తమ్ముడు రియాద్‌లో సులై అనే పేటలోని గోడౌన్లలో పనిచేసేవాడు. ఊరి నుంచి అతనికి వచ్చే పచ్చళ్ళ సీసాలకు పాత తెలుగు వారపత్రికలు చుట్టి పంపేవారు. ఆ నూనె మరకల కాగితాలు మస్తానన్న పోగుచేసి నాకు తెచ్చేవాడు. నేను వాటిని ఇస్త్రీపెట్టెతో సాపు చేసుకుని, ముందు పేజీ లేని కథలు, చివరి పేజీ లేని కథలు చదివేదాన్ని. లేని పేజీలు మనసులో రాసుకునేదాన్ని. నాకు రాత అబ్బిందంటే అక్కడే అబ్బింది.

నేను చేరిన ఇంటి యజమాని సాలెహ్. నా వీసాకు పూచీ ఉన్న కఫీల్ ఆయనే. బాబా అనేదాన్ని. ఆయన భార్య నూరాను మామా అనేదాన్ని. ఇంటి పెత్తనం మాత్రం సాలెహ్ తల్లిది. ఊరంతా ఆమెను ఉమ్ సాలెహ్, అంటే సాలెహ్ అమ్మ, అనేది. నాకు పెద్దమామా. రెడ్డెమ్మ అన్న పేరు ఆమె నోట పలకలేదు. రెండు రోజులు తంటాలు పడి చివరికి 'రిదా' అని పెట్టేసుకుంది. రిదా అంటే తృప్తి అట. మస్తానన్న విని, "మంచి పేరే పెట్టింది, ఉండనీ" అన్నాడు. పెద్దమామా ఒక కన్ను పొర కమ్మి, నడుం కొద్దిగా వంగి, చేతిలో ఖర్జూరపు రెమ్మలా సన్నటి కర్రతో తిరిగేది. పొద్దున ప్రార్థన అయిన వెంటనే నేల మీద కూర్చుని కాఫీగింజలు తానే వేయించేది. మనవైపు కాఫీలా నల్లగా కాదు, గింజ గోధుమరంగుకు వస్తే చాలు దించేసేది. సరిగా కనపడని కంటితో రంగు ఎలా చూస్తుందా అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, ఆమె చెవితో వేయిస్తుంది. గింజ చిటపటమనడం మొదలుపెట్టగానే పెనం ఎత్తేసేది. అప్పుడు యాలకులు దంచిన వాసన, కాఫీ వాసన, ముందురోజు వేసిన సాంబ్రాణి వాసన, మూడూ కలిసి ఇల్లంతా నిండేవి. నాలుగు నెలల దాకా నన్ను ఆ పెనం ముట్టుకోనివ్వలేదు. తిన్న ఖర్జూరం విత్తులు పారేయనిచ్చేది కాదు, మేకలకు నానబెట్టించేది. నాకు చీవాట్లు పెట్టిందీ ఆమే, నా బిడ్డ ఫొటో అడిగి చూసి తన దిండు కింద ఒక రోజంతా పెట్టుకున్నదీ ఆమే.

చలికాలం వానలు పడి బడులకు సెలవులు రాగానే ఇక్కడివాళ్ళు బయళ్ళకు పోతారు. గుడారాలు వేసుకుని, కట్టెలు రాజేసుకుని వారం పదిరోజులు ఉంటారు. నేను వచ్చిన ఏడు ఇంట్లో గుడారాలు దులుపుతుంటే పెద్దమామా అడ్డుపడింది. "ఈసారి దీరాకు పోదాం" అంది. దీరా అంటే వాళ్ళ మాటలో సొంతూరు. ఇసుకదిబ్బలు దాటి చాలా దూరాన ఉన్న మట్టి ఇళ్ళ ఊరు. పెద్దమామా పుట్టింది, పెళ్ళి చేసుకుంది, సాలెహ్‌ను కన్నది అక్కడే. జనం పట్నానికి చేరిపోయి ఆ ఊరు అప్పటికి చాలా ఏళ్ళుగా ఖాళీ. సాలెహ్ వద్దన్నాడు. పాములుంటాయి, గోడలు బలహీనంగా ఉన్నాయి, గుడారమే నయం అన్నాడు. ఆమె కర్ర నేలకు తాటించి, "గుడారం నువ్వు కొన్నది. ఇల్లు మా నాన్న కట్టింది" అంది. దాంతో అందరం దీరాకే బయలుదేరాం.

ఆ ప్రయాణం లాంటిది నేను అంతకుముందు ఎరగను. సౌదీ అంటే ఇంటి నాలుగు గోడలు, బాల్కనీలో బట్టల తీగ, అంతే నాకు. దిబ్బలు దాటగానే ఎదురుగా కనుచూపు మేర బయలు, దాని మీద పలచటి పచ్చదనం. మా వేరుశనగ చేలు మొలకెత్తిన మొదటి వారంలో ఉన్నట్టుంది. మధ్యమధ్య ఊదారంగు పూలు. బండి ఆపించి పెద్దమామా దిగింది, నన్నూ దిగమంది. నేల కొద్దిగా ఉబ్బి నెర్రె విచ్చినచోట కర్రతో పొడిచి, "తవ్వు" అంది. వేళ్ళతో తవ్వితే బంగాళాదుంపంత గడ్డ బయటపడింది. మట్టిలోపలే పెరిగే పుట్టగొడుగు. ఆ పూట ఒడినిండా తవ్వాను. కనపడని కన్ను ఉన్న ఆమె చూపించింది, రెండు కళ్ళున్న నేను తవ్వాను. ఆ రోజు వాటిని మాంసం రసంలో ఉడికించి అన్నంలోకి పెడితే, మామా నూరా కూడా "రిదా చేయి మంచిది" అని మెచ్చుకుంది.

దీరాలో మొదటి రోజంతా పెద్దమామా మమ్మల్ని తిప్పింది. ఊరి చివర ఎత్తుమీద రాతి కట్టడాన్ని చూపి 'బుర్జ్' అంది. మాకు బురుజే. గండికోట బురుజు చిన్నప్పుడు బడివాళ్ళతో వెళ్ళి చూశాను. ఇన్ని సముద్రాల అవతల అదే మాట వినేసరికి ఒళ్ళు జల్లుమంది. తర్వాత బావి. బావి నోటి మీది రాళ్ళకు తాళ్ళు ఒరుసుకుని వేలు పట్టేంత గాట్లు పడి ఉన్నాయి. బావి నుంచి వాలుగా ఒక దారి. ఒంటెలు ఆ వాలున దిగుతూ తోలు బొక్కెన పైకి లాగేవట. "మా తాత ఎద్దులతో తోలేవాడు. మేము కపిల అంటాం" అన్నాను నాకొచ్చిన అరబ్బీలో. ఆమె నమ్మలేదు. బొక్కెన ఎలా ఉంటుందో గీయమంది. ఇసుకలో తోలుసంచి, దానికి ఏనుగు తొండంలా తోక, పైకి ఒక తాడు, తొండానికి ఇంకో తాడు గీశాను. ఆమె వంగి, కంటికి దగ్గరగా చూసి, పక్కనే తన కర్రతో గీసింది. రెండు బొమ్మలూ ఒకటే. ఆమె నవ్వి, "సాలెహ్, ఇటు రా! రిదా వాళ్ళ తాత మన బావిలోనే నీళ్ళు తోడాడు" అని కేకేసింది. ఆ ఇంట్లో పనిమనిషిగా కాక, ఒక ఊరిదానిగా, ఒక తాతకు మనవరాలిగా నన్ను చూసిన మొదటి నిమిషం అది.

ఇల్లు పెద్దది. అందులో చూడవలసింది కాఫీగది, మగవాళ్ళు అతిథులను కూర్చోబెట్టేది. రెండు నిలువుల ఎత్తు, గుండ్రటి స్తంభాలు, గోడల మీద తెల్లటి సున్నపు పూతలో చెక్కిన పూలు, నక్షత్రాలు. పెద్దమామా తండ్రి చేయించినవి. అందరూ ఆ పూలు చూస్తుంటే నేను పైకి చూశాను. దూలాలు, వాటి మీద అడ్డంగా ఖర్జూరపు మట్టలు, చాప, ఆపైన మట్టి. దూలం చెట్టు వేరు, మా దగ్గర మట్టల బదులు కందికట్టె, అంతే తేడా. అది మా మిద్దె. నేను పుట్టి పెరిగిన మిద్దె.

రెండో రోజు మధ్యాహ్నం చిన్న వాన పడింది. పావుగంట కూడా లేదు. కాఫీగదిలో రెండుచోట్ల కారింది. ఎర్రటి బురదనీళ్ళు తెల్లటి పూల మీదుగా చారలు కట్టాయి. సాలెహ్ కింద బకెట్లు పెట్టించి, తల్లితో మెల్లగా అన్నాడు. "యుమ్మా, నాలుగు రోజుల్లో పెద్ద వాన ఉందని రేడియోలో చెప్పారు. ఈ గది ఆగదు. మనం రేపే వెళ్ళిపోదాం. వేసవిలో దీన్ని పడేసి సిమెంటు గది కట్టిస్తాను." ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు. గోడ మీది బురదచారను తన ముసుగు కొంగుతో తుడుస్తూ కూర్చుంది. తుడిచినకొద్దీ అది ఇంకా పాకింది.

ఆరేసిన దుప్పట్లు తేవడానికి మిద్దెక్కాను. చూస్తే పైన గడ్డి మొలిచి ఉంది. మట్టి కొట్టుకుపోయి గుంటలు పడ్డాయి. నీళ్ళు పోయే చెక్క తూము మట్టితో మూసుకుపోయింది. మా ఊళ్ళో ఏ ఇల్లాలయినా మిద్దెను అలా వదిలితే అత్త ఊరుకోదు. తొలకరికి ముందు ఏటా చౌడు తోలుకొచ్చి పరిచేవాళ్ళం. పంటకు పనికిరాని చవిటి నేలలో పైన పొంగి ఉండే బూడిదరంగు మన్ను అది. నీళ్ళు తగిలితే బిగుసుకుపోయి చుక్క దిగనివ్వదు. అమ్మ, నేను గంపలతో ఎత్తి, కాళ్ళతో సర్ది, తూము వైపు వాలు పెట్టేవాళ్ళం. అక్కడ, ఎడారి మధ్య ఆ మిద్దె మీద నిలబడి, ఇక్కడ చౌడు ఎక్కడ దొరుకుతుందిలే అనుకుని దిగివచ్చాను.

మర్నాడు, ఇక వెళ్ళిపోదామని సాలెహ్ పట్టుబట్టాడు. పెద్దమామా, పూర్వం తాము ఉప్పు ఏరుకున్న చోటు ఒక్కసారి చూసి వెళ్దామంది. ఉప్పునేలను వాళ్ళు సబ్ఖా అంటారు. బండి దాని అంచున ఆగింది. దూరంగా మధ్యలో తెల్లగా మెరుస్తోంది. నేను దిగి రెండడుగులు వేశానో లేదో, పాదం మెత్తగా చీలమండ దాకా దిగింది. ఆ దిగడం నా పాదానికి తెలుసు. వంగి గుప్పెడు తీసుకున్నాను. తడిచేసి వేళ్ళ మధ్య రుద్దాను. నాలుక మీద పెట్టుకున్నాను.

మస్తానన్న పరుగున వచ్చి, "ఏం చేస్తాండావు మ్మే? మన్ను తింటాండావా?" అన్నాడు.

"అన్నా, ఇది చౌడు."

"ఉప్పది. సబ్ఖా."

"నడిమధ్య ఉండేది ఉప్పు. ఈ అంచున ఉండేది చౌడు. చూడు, సబ్బు మాదిరి జారుతాంది. మా అమ్మ దీంతోనే గుడ్డలుతికేది, దీంతోనే మిద్దె కప్పేది. నాలుగు వేళ్ళ మందం పరిస్తే ఆ గది కారదు."

అతను నా ముఖం చూశాడు, నా చేతిలోని మన్ను చూశాడు. "మాది బండల మిద్దె, నాకు తెలీదు. నిజంగా కారదా?"

"మా ఇల్లు కారిందే లేదన్నా. కానీ నేను చెప్తే బాబా ఇంటాడా? పనిమనిషిని."

"నీ అరబ్బీతో చెప్తే మన్ను తిందామంటాండావని అనుకుంటాడు. మాట నీది, నోరు నాది. తిట్లు పడితే చెరిసగం" అని సాలెహ్ దగ్గరికి నడిచాడు.

సాలెహ్ మొత్తం విన్నాడు. కోపపడలేదు, కానీ ఒప్పుకోలేదు. పాత దూలాల మీద ఇంకా బరువు వేస్తే గది కూలుతుంది, కింద తన తల్లి కూర్చుంటుంది, ఎవరు జవాబుదారు అన్నాడు. "ఆ గదికి ఏమైనా అయితే ఈమెను ఆ వారమే ఖురూజ్ మీద పంపేస్తాను, చెప్పు" అన్నాడు. ఖురూజ్ అంటే ఇక తిరిగి రాకుండా పంపించేయడం. మస్తానన్న ఆ మాట నాకు తెలుగులో చెప్పకుండా మింగాడు. నాకు అర్థమైంది. సునీత కళ్ళముందు మెదిలింది. వద్దులే అని ఒక మాటంటే అయిపోయేది. ఎందుకో అనలేకపోయాను. తెల్లటి పూల మీద బురద తుడుస్తున్న ఆ చేయి చూశాక అనలేకపోయాను.

బండిలోంచి పెద్దమామా గొంతు వినపడింది. "మాటలెందుకు? పరీక్ష పెట్టు."

పరీక్ష నేనే పెట్టాను. దీరా ఇంటికి తిరిగి రాగానే అన్నం వార్చే చిల్లుల గిన్నె తీసుకున్నాను. దాని అడుగున తడిపిన చౌడు నాలుగు వేళ్ళ మందం వేసి అరచేత్తో అదిమాను. రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి నిండా నీళ్ళు పోశాను. మధ్యాహ్నం ప్రార్థనకు వెళ్తున్న సాలెహ్ అది చూసి వెళ్ళాడు. వచ్చాడు, చూశాడు. భోజనం చేశాడు, మళ్ళీ వచ్చి గిన్నె కిందికి చెయ్యిపెట్టి చూశాడు. వేళ్ళు పొడిగా ఉన్నాయి. సాయంత్రం ప్రార్థన దాకా నీళ్ళు అలాగే నిలిచాయి. ఆయన గిన్నె చుట్టూ ఒకసారి తిరిగి, "మస్తాన్, ఎన్ని సంచులు కావాలో ఆమెను అడుగు" అన్నాడు.

రెండు రోజులు ఆ ఇంట్లో సెలవు సంబరం ఆగి పని సంబరం మొదలైంది. మస్తానన్న జీఎంసీ సీట్లు మడిచి, బియ్యం సంచుల్లో చౌడు తోలాడు. ఎన్ని దఫాలు తిరిగాడో లెక్కలేదు. నేను ముందు దూలాలన్నిటినీ కింద నుంచి కర్రతో తట్టి విన్నాను. ఒకటి బోలుగా మోగింది. చెద. దాని కింద తాటిమొద్దంత లావున్న ఖర్జూరపు మొద్దు నిలబెట్టించాను. తర్వాత మిద్దెక్కి గడ్డి పీకి, వదులుమట్టి గీకి, గుంటల్లో బురద, గడ్డి కలిపి తొక్కి నింపాను. తూము తవ్వి తీశాను. పైన వేసుకునే నల్లటి అబాయా నడుముకు దోపుకుని, మస్తానన్న తాడు కట్టి పంపే సంచులు పైకి లాగి పరుస్తూ పోయాను. కింద పెద్దమామా వాకిట్లో కూర్చుని జల్లెడతో రాళ్ళు ఏరింది. మామా నూరా తన కూతుళ్ళను పక్కన కూర్చోబెట్టింది. రెండో రోజు ఉదయం తాడు లాగబోతే బరువు తేలిగ్గా ఉంది. చూస్తే నిచ్చెన మీద సంచి భుజాన పెట్టుకుని సాలెహ్ ఎక్కి వస్తున్నాడు. నన్ను చూడకుండా, "ఎక్కడ వేయాలి?" అన్నాడు. చూపించాను. వేశాడు. "వాలు ఎటు?" అన్నాడు. తూము వైపు చెయ్యి చూపాను. నా కఫీల్ నన్ను పని అడిగి చేశాడు.

పని అయిన మర్నాడు, సాయంత్రపు అసర్ ప్రార్థన వేళకు ఆకాశం నల్లబడింది. ముందు వడగళ్ళు, వెనకే వాన. అందరం కాఫీగదిలో చేరాం. పెద్దమామా పొయ్యి పక్కన తన తండ్రి కూర్చునే చోట కూర్చుంది. తలలు పైకెత్తి చూస్తున్నాం. కాసేపటికి మూలనున్న స్తంభం పక్కన ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి. సాలెహ్ లేచి, "యుమ్మా, బయటికి రా" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. "నేను లేవను" అంది. తొలివాన తాగి చౌడు బిగుసుకోవాలి, ఆ కాస్త ఆలస్యం మామూలే. కానీ ఆ మూలన నేను సరిగా పరిచానా? ఎవరికీ చెప్పకుండా బయటికి పరుగెత్తి నిచ్చెనెక్కాను. వడగళ్ళు వీపున రాళ్ళలా పడుతున్నాయి. పిట్టగోడ పక్కన, చివరి సంచి నిలబెట్టిన చోట, పొర వేలిమందం కూడా లేదు. ఆ సంచి అక్కడే కుమ్మరించి మడమలతో తొక్కాను. అమ్మ తొక్కినట్టు, ఒక మడమ ఆనించి ఇంకోటి తిప్పుతూ. కింద నుంచి మస్తానన్న అరుస్తున్నాడు. "దిగు మ్మే, పిడుగులు పడతాండాయ్! దిగు!" తూములోంచి నీళ్ళు ధారగా బయటికి దూకడం చూశాకే దిగాను.

లోపలికి వస్తే గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చుక్క ఆగిపోయింది. నా ఒంటి మీంచి కారుతున్న బురదతో గడప దగ్గరే నిలబడ్డాను. సాలెహ్ కాఫీ కూజా చేతిలోకి తీసుకున్నాడు. ఇక్కడ మొదటి ఫింజాన్, అంటే పిడి లేని చిన్న కాఫీ కప్పు, అందరికంటే గౌరవనీయుడైన అతిథికి ఇస్తారు. ఆయన అలవాటుగా తల్లి వైపు వంగాడు. ఆమె ఫింజాన్ అందుకోలేదు. కర్ర ఎత్తి గడప వైపు చూపింది. "ముందు ఇంటిని నిలబెట్టినవాళ్ళకు" అంది. ఆయన లేచి నా దగ్గరికి వచ్చి, కుడిచేత్తో ఫింజాన్ అందించాడు. రెండోది మస్తానన్నకు. ఇద్దరం మగవాళ్ళు కూర్చునే ఆ తివాచీ మీద బురద బట్టలతో కూర్చుని తాగాం. ఎన్నో చోట్ల ఎన్నో కాఫీలు తాగాను. ఆ గుక్కెడు కాఫీ అంత వేడిగా ఏదీ లేదు.

గది పడేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఉన్న నాలుగేళ్ళూ సెలవులకు దీరాకే వెళ్ళాం, ఏటా చౌడు పరిచాం. తర్వాత నేను ఊరికి వెళ్ళిపోయాను. ప్రైవేటుగా పదో తరగతి కట్టి, అంగన్‌వాడీలో చేరి, సునీతను చదివించాను. పెద్దమామా కాలం చేసిన సంగతి మస్తానన్నే వచ్చి చెప్పాడు. మా పల్లెలో ఇప్పుడు ఒక్క మట్టిమిద్దె లేదు. అన్నీ స్లాబు ఇళ్ళు. మా అమ్మ మిద్దెను మేమే పడగొట్టాం. చౌడు అంటే ఇప్పటి పిల్లలకు పంట రాని నేల, అంతే. వేసవి మధ్యాహ్నాలు స్లాబు కింద ఉడుకుతూ, ఆ పాత చల్లదనం గుర్తు చేసుకుంటూ ఉంటాం.

మస్తానన్న అడిగిన మిద్దె చూడటానికి మొన్న శుక్రవారం సునీత నన్ను దీరాకు తీసుకెళ్ళింది. కారు అదే నడిపింది. నేను పనిచేసిన రోజుల్లో ఈ దేశంలో ఏ ఆడది చక్రం పట్టింది? నా పాస్‌పోర్టు అప్పుడు సాలెహ్ బీరువాలో ఉండేది, ఇప్పుడు నా సంచిలో ఉంది. ఊరు ఆనవాలు పట్టలేకపోయాను. వారసత్వ గ్రామమని బోర్డు పెట్టారు. సందులు శుభ్రం చేశారు, దీపాలు పెట్టారు, కుటుంబాలు పిల్లలతో తిరుగుతున్నాయి. ఊరు చూపించేది ఒక సౌదీ అమ్మాయి. చాలా ఇళ్ళు మళ్ళీ కట్టినవేనట. మా కాఫీగది ముందు ఆగి, "ఈ ఒక్క గదికి మాత్రం పాత కప్పు అలాగే నిలిచింది" అంది.

నేను లోపలికి వెళ్ళి పైకి చూశాను. దూలాలు. మొద్దు ఆనించిన దూలం కూడా. సునీత చెయ్యి గట్టిగా పట్టుకుని, "నేను పరిచిన మిద్దె ఇది" అన్నాను అరబ్బీలో. ఆ అమ్మాయికి ఏం చేయాలో తోచక, మరమ్మతుల పెద్దమేస్త్రీని పిలుచుకొచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి, చేతులనిండా ఎండిన మట్టి. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పైన ఏముంది?" అని అడిగాడు.

"బూడిదరంగు మన్ను. నాలుగు వేళ్ళ మందం."

"ఎక్కడిది?"

"సబ్ఖా అంచుది. మధ్యలోది కాదు. మధ్యలోది ఉప్పు, పనికిరాదు."

"అంచుది అని ఎలా తెలుసుకుంటావు?"

నేను బొటనవేలు, చూపుడువేలు రుద్ది చూపించి, నాలుక తాకించాను. ముసలాయన ముఖం మారిపోయింది. కప్పు ఒక మూల విప్పి చూసినప్పుడు కింది దూలాలు నిన్న వేసినంత పొడిగా ఉన్నాయట. ఇక్కడ ఎవరూ అలా వేయరు, ఎవరో యెమెన్ మేస్త్రీ పని అయివుంటుందనుకున్నాడట. అదే మన్ను వెతికి తెచ్చి, పక్కనున్న మూడు ఇళ్ళకు అలాగే కప్పాడట. "మూడేళ్ళుగా ఆ మేస్త్రీ ఎవరా అని అడుగుతున్నాను" అని గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

"ఏటా వానకు ముందు ఒక పొర పడాలి. మరిచిపోవద్దు" అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ అమ్మాయి పుస్తకం తెరిచి పేరు అడిగింది. చెప్పాను. "ఇద్దరం చేశాం. మన్ను తోలింది మస్తాన్, రాయచోటి. అది కూడా రాయమ్మా" అన్నాను. రాసేదాకా అక్కడే నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు సునీత ఇసుకదిబ్బల దగ్గర కారు పక్కకు ఆపి కళ్ళు తుడుచుకుంది.

"చిన్నప్పుడు బళ్ళో ఎవరన్నా అడిగితే, మా అమ్మ సౌదీలో ఇల్లు ఊడుస్తాదని తల వంచుకొని చెప్పేదాన్ని మ్మా" అంది.

"అబద్ధమేం చెప్పలేదు గదా. ఊడ్చినా. తుడిచినా. ఆ ఇంటికి మిద్దె గూడా కప్పినా. ఈసారి ఎవరన్నా అడిగితే మూడూ చెప్పు" అన్నాను.